పాకానికి భయపడి ఖర్జూరం వెనక దాక్కుంటే ఎట్లప్పా

ముందటేడు దీపావళికి మా వదిన బెంగళూరు నుంచి వచ్చింది. వస్తూ వస్తూ పిల్లోల్లకని ఒక డబ్బా తెచ్చింది, లోపల పన్నెండు బార్లు, అంటే గింజలూ తీపీ కలిపి ఒత్తి కోసిన ముక్కలు, ఒక్కోటి మెరిసే కాగితంలో చుట్టి. నాకొక పాడలవాటు ఉంది, ఏది చేతికొచ్చినా వెనక తిప్పి చదువుతాను, ఆఖరికి సబ్బు కూడా. చదివితే అందులో మొదటి పేరు వేరుశనగ, మేం శెనిక్కాయ అంటాం. ఆ టైముకి నేను నిలబడింది మా మిద్దె మీద, కాళ్ళ కాడ రెండు పట్టల నిండా మా చేన్లో పెరికిన శెనిక్కాయ ఎండుతా ఉంది, ఇంటిల్లిపాదీ నాలుగు రోజుల నుంచి కాకుల్ని తోలుకుంటా ఉన్నాం. అనంతపురంలో, శెనిక్కాయల మధ్యలో నిలబడి, బెంగళూరు నుంచి రెండొందల కిలోమీటర్లు బస్సెక్కి వచ్చిన శెనిక్కాయ బార్ తింటున్నానన్నమాట. బాగుంది, అబద్ధమెందుకు. కాని 40 గ్రాముల బార్ 60 రూపాయలు, అంటే కిలో 1500. మా ఆయన ఆ లెక్క విని "మార్కెట్ యార్డులో మనకి ఆ రేటిచ్చింటే ఈపాటికి ట్రాక్టర్ కొనింటాం" అని కిందికి దిగిపోయినాడు.

నేను ఊరుకోకుండా "ఏం వదినా, ఇదేదో మనం ఇంట్లోనే చేసుకోవచ్చు కదా, చిక్కీకి అన్న లాంటిది" అన్నాను. దానికి వదిన "చిక్కీ వేరు ఇది వేరు పాపా, చిక్కీ అంటే అంతా బెల్లమే కదా, ఇది ఖర్జూరంతో చేసింది, షుగర్ లేదు, పిల్లోల్లకి మంచిది" అనింది. ఆ మాట నాకు గొంతులో ముల్లు మాదిరి ఉండిపోయింది. అప్పటి నుంచి ఈ ఏడాదంతా బార్లు చేస్తానే ఉన్నాను, చిక్కీ చేసినా, ఓట్స్‌తో చేసినా, ఖర్జూరంతో చేసినా, బొరుగులతో చేసినా, కుక్కర్లో పెట్టి కుకీ బార్లు కూడా చేసినా. కొన్ని పారేసినా కూడా. ఇదంతా చేసినాక నేను చెప్పేది ఒకటే, ఇంట్లో బార్లు చేసుకోండి, తప్పకుండా చేసుకోండి, కాని దాన్ని మందు మాదిరి ఆరోగ్యం కోసమని చేసుకోవద్దు. బార్ అంటే తీపి. తీపి అని ఒప్పుకుని చేస్తే మంచి తీపి వస్తాది. ఒప్పుకోకుండా, బెల్లం తగ్గించి, నెయ్యి తీసేసి, ఏవేవో గింజలు పోసి చేస్తే పట్టుకోంగానే పొడిపొడిగా రాలిపోయే ఒక ముద్ద వస్తాది, దాన్ని పిల్లోల్లు తినరు, మనమే స్పూన్‌తో తినాల్సొస్తాది.

ముందు ఆ ఖర్జూరం సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అక్కడే అందరూ మోసపోతున్నారు. 100 గ్రాముల బెల్లంలో దగ్గరదగ్గర 380 క్యాలరీలు ఉంటాయి. 100 గ్రాముల ఖర్జూరంలో సుమారు 280. శెనిక్కాయ విత్తనాలు 100 గ్రాములకి 567. ఇప్పుడు 200 గ్రాముల విత్తనాలు, 200 గ్రాముల బెల్లంతో చిక్కీ చేసి 20 ముక్కలు కొయ్యండి, ముక్కకి 95 క్యాలరీలు. అదే బెల్లం తీసేసి 200 గ్రాముల ఖర్జూరం వేసి 20 ముక్కలు చెయ్యండి, ముక్కకి 85. పది క్యాలరీల తేడా! ఇంత గొడవా ఈ పదికా? ఎక్కువ క్యాలరీలు వచ్చేది శెనిక్కాయ నుంచి, దాన్ని ఎవరూ ఏమనరు, బెల్లాన్నేమో విలన్ చేసినారు. ఖర్జూరం బరువులో కూడా మూడింట రెండొంతులు చక్కెరే. న్యాయంగా చెప్పాలంటే ఖర్జూరంలో పీచు ఉంది, 100 గ్రాములకి 7, 8 గ్రాములు, బెల్లంలో అది లేదు, ఆ మాట ఒప్పుకుంటాను. ఖర్జూరం రుచి కూడా నాకిష్టమే. కాని "షుగర్ లేదు" అనేది మాత్రం నిజం కాదు. ఆ డబ్బా మీద చిన్న అక్షరాల్లో చదివితే ఖర్జూరం, తేనె, గ్లూకోజ్ సిరప్ మూడూ వేరువేరుగా రాసుండాయి. మన దేశంలో పదార్థాల పేర్లు బరువు ఎక్కువ ఉన్నది ముందు, తక్కువది తర్వాత, ఆ వరసలో రాయాలని రూలు. తీపిని మూడు పేర్లుగా ముక్కలు చేస్తే ఏ ఒక్కటీ మొదటి స్థానానికి రాదు, వేరుశనగ పైన కూర్చుంటాది. మూడూ కలిపి తూకం వేస్తే ఏది పైనుంటాదో మీరే ఆలోచించుకోండి. ఇంగ మన ఇంటి బెల్లం సంగతంటారా, అదీ ఐరన్ ఉంది, చక్కెర కంటే మేలు అని అందరూ అంటారు గాని, ఒక చిక్కీ ముక్కలో పడే పది గ్రాముల బెల్లంతో ఐరన్ ఎంత వస్తాది చెప్పండి. రుచికి తింటాం. దానికి సిగ్గుపడేదేముంది.

సరే, చేసే పద్ధతికి వద్దాం. పాకం. అందరూ పారిపోయేది దీని దగ్గరే, ఈ "పాకం లేని, పొయ్యి లేని, 5 నిమిషాల బార్" వీడియోలన్నీ పుట్టింది ఈ భయం లోనుంచే. నేను మొదటిసారి ఒక్కదాన్నే చిక్కీ చేసినప్పుడు, అమ్మ పక్కన లేదు, పాకం ముదిరిందని నేనే అనుకుని విత్తనాలు పోసి స్టీలు ప్లేట్లో పరిచేసినాను. రెండు గంటలైనా ఆరలేదు. ఫ్రిజ్‌లో పెట్టినాను. ఫ్రిజ్‌లో గట్టిపడింది, బయటికి తీస్తే మల్లా సాగుతా ఉంది, పళ్ళకి అతుక్కుని మా పెద్దోడి ఊగుతున్న పాలపన్ను ఊడొచ్చింది, వాడికైతే సంతోషమే. రెండోసారి ఆ భయంతో ఎక్కువ సేపు ఉంచితే మాడి చేదొచ్చింది, పైగా ప్లేటుకి నెయ్యి రాయలేదు, మా ఆయన ప్లేటు తిప్పేసి వెనక సుత్తితో కొట్టినాడు. ఆ ప్లేటుకి ఇప్పటికీ సొట్ట ఉంది, అన్నం పెడితే సాంబారు ఒక పక్కకి పోతాది.

మూడోసారి అమ్మని పిలిపించినాను. అమ్మ చేసేది చూస్తే ఏమీ లేదనిపిస్తాది. బెల్లాన్ని తురిమి, మునగనంత, ఊరికే తడిసేటన్ని నీళ్ళు, మూడు నాలుగు స్పూన్లు. కరిగినాక ఒకసారి దించి వడగట్టాల, బెల్లంలో ఇసుక లేకుండా ఉండదు. మల్లా బాణలి పొయ్యి మీద పెట్టి మధ్య సెగ మీద మరగనిస్తా, పక్కన స్టీలు గిన్నెలో చల్లనీళ్ళు పెట్టుకునింది. మొదట్లో నీళ్ళలో చుక్క వేస్తే కరిగిపోయింది. ఒక నిమిషమాగి మల్లా వేసింది, ఈసారి కరగలేదు, వేళ్ళతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండయింది, మైనం మాదిరి. "ఇది అరిసెలకి" అనింది. ఇంగొంచెం సేపటికి వేస్తే గట్టి ఉండ, సాగదీస్తే రబ్బరు. నేను ఇంగ చాలు అన్నాను, అమ్మ నా మాట వినిపించుకోలేదు. నురుగు చిన్నగయ్యి, రంగు ఎరుపు తిరిగి, వాసన మారింది, అప్పుడు ఒక చుక్క నీళ్ళలో వేసి, తీసి, గిన్నె అంచు మీద కొట్టింది. టక్. గాజు పెంకు మాదిరి శబ్దం. రెండు వేళ్ళతో వంచితే వంగలేదు, విరిగింది. అంతే, సెగ ఆపి, చిటికెడు వంటసోడా, ఒక స్పూన్ నెయ్యి, విత్తనాలు, మూడు తిప్పులు తిప్పి నూనె రాసిన బండ మీద పోసేసి, నూనె రాసిన చపాతీ కర్రతో తోసేసింది. మొత్తం ఒక నిమిషంలో. "ఇంగ కోసెయ్, చల్లారితే నీ మొగుడు మల్లా సుత్తి తెస్తాడు" అనింది.

నేను దీని గురించి ఆ తర్వాత చదివితే అర్థమయ్యింది ఏందంటే ఇది మాయేం కాదు, ఉట్టి నీళ్ళ లెక్క. పాకంలో నీళ్ళు ఆవిరయ్యే కొద్దీ చక్కెర చిక్కబడి మరిగే వేడి పెరుగుతా పోతాది. 112 నుంచి 116 డిగ్రీల మధ్యలో మెత్తటి ఉండ. 150 దగ్గరికి పోతే నీళ్ళు ఇంచుమించు ఏమీ మిగలవు, అది చల్లారితే గాజే. ఇవి చక్కెర లెక్కలు, బెల్లంలో చక్కెర కాకుండా వేరే పదార్థాలు కూడా ఉంటాయి కాబట్టి అది కొంచెం ముందే మాడుతాది, అందుకే థర్మామీటర్ కొన్నా దాని మాట కంటే టక్‌నే నమ్ముకోండి. వంటసోడా వేస్తే పాకంలోని పులుపుతో కలిసి గ్యాసు పుట్టి సన్న సన్న బుడగలొస్తాయి, చిక్కీ కొరకడానికి తేలికవుతాది.

ఇప్పుడు అసలు విషయం వినండి, నాకు ఇది తట్టడానికి ఎనిమిది నెలలు పట్టింది. కంపెనీ బార్ కొరికితే మెత్తగా సాగుతాది, చిక్కీ పటక్కున విరుగుతాది, అందుకే అవి రెండూ వేరే వంటకాలని మా వదిన మాదిరే నేనూ అనుకున్నాను. కాదు. పాకం ఆపిన నిమిషమే వేరు. ఆ "ఇది అరిసెలకి" అన్న చోట ఆపేస్తే మెత్తటి బార్, టక్ దాకా పోతే చిక్కీ. మన ఇళ్ళలో అరిసెలు చేసే ప్రతి ఒక్కరికీ గ్రానోలా బార్ (ఓట్స్, గింజలు కలిపిన మెత్తటి బార్) చెయ్యడం ఆల్రెడీ వచ్చు, వాళ్ళకి ఆ సంగతి తెలీదంతే.

ఓట్స్ బార్ నేను చేసేది ఇట్ల: ఓట్స్ 150 గ్రాములు బాణలిలో వాసన వచ్చేదాకా వేయించాల, వేయించకపోతే పచ్చి పిండి రుచి పోదు. వేయించి పొట్టు తీసిన శెనిక్కాయ విత్తనాలు 100 గ్రాములు, సగం కచ్చాపచ్చాగా దంచి సగం అట్లే, నువ్వులు రెండు పిడికిళ్ళు, ఉప్పు చిటికెడు. బెల్లం 150 గ్రాములు, మెత్తటి ఉండ పాకం. దించి రెండు స్పూన్ల నెయ్యి, రెండు మూడు స్పూన్లు శెనిక్కాయ పేస్టు (మిక్సీలో వేయించిన విత్తనాల్ని నూనె తేలేదాకా తిప్పితే అదే పేస్టు, కొనే పనిలేదు). అంతా కలిపి నెయ్యి రాసిన ట్రేలో వేసి, ఇక్కడ జాగ్రత్తగా చదవండి, గట్టిగా ఒత్తాల. చేత్తో తట్టడం కాదు, చదునైన గిన్నె అడుగుకి నెయ్యి రాసి నిలబడి ఒంట్లో బలమంతా పెట్టి ఒత్తాల. నా బార్లు రాలిపోయినప్పుడల్లా పది సార్లలో ఏడెనిమిది సార్లు తప్పు పాకంది కాదు, ఒత్తకపోవడమే. తర్వాత గంటన్నర దాన్ని మర్చిపోవాల. చిక్కీ వేడి మీద కొయ్యాల, ఇది చల్లారినాక కొయ్యాల, రెండూ తారుమారు చేసినారంటే రెండూ పోతాయి.

ఖర్జూరం బార్ కూడా చెప్తాను, పగేం లేదు నాకు దాంతో. దాదాపు ప్రతి వీడియోలోనూ ఖర్జూరాన్ని వేడినీళ్ళలో నానబెట్టమంటారు. నానబెడితే మెత్తగా మిక్సీలో తిరుగుతాది నిజమే, కాని ఆ నీళ్ళు బార్‌లోనే ఉండిపోతాయి, రెండో రోజుకి జిగట, నాలుగో రోజుకి బూజు. ఖర్జూరం అన్ని నెలలు చెడకుండా ఉండేదే దాంట్లో నీళ్ళు తక్కువ కాబట్టి, మనం పనిగట్టుకుని నీళ్ళు పట్టించి మల్లా నిలవుండలేదని ఏడిస్తే ఎట్ల. గింజలు తీసి, ఒక స్పూన్ నెయ్యిలో సన్న సెగ మీద గరిటెతో మెదుపుతా ఉంటే ఐదు నిమిషాల్లో ముద్దవుతాది, దాంట్లో విత్తనాలు, నువ్వులు కలిపి ఒత్తేయండి. మా మామయ్య పళ్ళు లేని మనిషి, ఆయనకి ఇదే. పాకం రాని రోజు, పండగ హడావిడి రోజు నేనూ ఇదే చేస్తాను. తీపి తక్కువని మాత్రం చెప్పను.

ఇంగ శెనిక్కాయల గురించి, ఇది మాత్రం మా జిల్లా వాళ్ళకి చెప్పే హక్కు ఉందనుకుంటా. ఏ బార్ అయినా సగం రుచి విత్తనం వేయించిన దాంట్లో ఉంటాది. ప్యాకెట్ బార్‌లో ఆ విత్తనం వేయించి ఎన్ని నెలలయ్యిందో, నా బాణలిలోదైతే ఇప్పుడే వేయించింది, నేను ఇంట్లో చెయ్యమనేదానికి పెద్ద కారణం ఇదే, ఆరోగ్యం కాదు. శెనిక్కాయలో సగం దాకా నూనె ఉంటాది, గాలి తగిలే కొద్దీ ఆ నూనె ముక్కిపోతాది. మా నాయన కాలంలో టీఎంవీ-2 అనే రకం వేసేవాళ్ళు, తర్వాత మా పక్కకి కదిరి పరిశోధన కేంద్రం వాళ్ళ కె-6 రకం వచ్చింది. చిన్న గింజ. చిన్న గింజ కాబట్టే లోపలికంటా సమంగా వేగుతాది, అంగళ్ళలో దొరికే బొద్దు గింజ పైన మాడి లోపల పచ్చిగుంటాది. సన్న సెగ మీద పావుగంట, పొట్టు మీద అక్కడక్కడ నల్లమచ్చలు, నోట్లో వేస్తే కరకర, అప్పుడు దించి గుడ్డలో వేసి రుద్ది చేటలో చెరగాల. చెరగడం రాని వాళ్ళు ఫ్యాన్ కింద చెయ్యండి, ఇల్లంతా పొట్టయితే నన్ననద్దు.

ఏరడం మాత్రం తప్పించుకోవద్దు. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు వాసనున్నవి ఒక్కటి కూడా వద్దు. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకి పైగా టర్కీ కోళ్ళు ఉన్నట్టుండి చచ్చిపోయినాయి, రోగమేందో తెలీక దానికి టర్కీ ఎక్స్ అని పేరు పెట్టినారు, ఆరా తీస్తే బ్రెజిల్ నుంచి వచ్చిన శెనిక్కాయ చెక్క దాణాలో బూజు విషం. దానికే తర్వాత అఫ్లాటాక్సిన్ అని పేరొచ్చింది. ఆ బూజు కాయ ఊరే టైములో వాన మొహం చాటేస్తే చేన్లోనే పడతాది, వాన మొహం చాటెయ్యడం గురించి అనంతపురపోళ్ళకి ఒకరు చెప్పాలా. వేయిస్తే ఆ విషం పూర్తిగా పోదు. కాబట్టి పిల్లోల్లకి పెట్టే బార్‌లో ఖర్జూరమా బెల్లమా అని కొట్లాడే ముందు టీవీ ముందు కూర్చుని ఒక చేట విత్తనాలు ఏరండి, చేదుగా ఉన్న గింజ నోట్లోకొస్తే ఉమ్మేయమని పిల్లోల్లకి కూడా చెప్పండి. ఇంగోటి, విత్తేదానికని మందు కలిపి పెట్టిన విత్తనాలు ఇంట్లో ఉంటే వాటిని వంటింటి దరిదాపుల్లోకి రానివ్వద్దు. కొంతమంది కడిగి వాడుకోవచ్చంటారు, వద్దే వద్దు.

బొరుగుల ఉండ గురించి చెప్పకపోతే మా ఊళ్ళో నన్ను రానివ్వరు. ఉగ్గానికి తెచ్చిన బొరుగులు మిగిలితే బెల్లం పాకంలో వేసి ఉండలు కట్టడం ఇక్కడ పుట్టినోళ్ళకి కొత్త కాదు. అమెరికాలో 1939లో కెల్లాగ్స్ కంపెనీలో పనిచేసే మిల్డ్రెడ్ డే అనే ఆమె, ఇంగొకామెతో కలిసి, బొరుగుల్లాంటి వాళ్ళ బియ్యం గింజల్ని వెన్న, మార్ష్‌మాలో అనే మెత్తటి మిఠాయి కరిగించిన దాంట్లో కలిపి ట్రేలో ఒత్తి ముక్కలు కోసింది, అది ఆ దేశమంతా పాకిపోయి ఇప్పటికీ పిల్లోల్ల పార్టీల్లో అదే. చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, మన తిరునాళ్ళలో అమ్మే ఉండని చదునుగా ఒత్తి కోసినట్టే కదా. తేడా ఏందంటే ఆమె చదునుగా ఒత్తింది, మనం వేడి పాకంలో చేతులు కాల్చుకుని ఉండలు చుడతాం. ఏంటికి చుట్టాల? ఇప్పుడు నేను చుట్టడం మానేసినాను. 100 గ్రాముల బొరుగుల్ని వేడి బాణలిలో ఒకసారి కరకరలాడించి, 150 గ్రాముల బెల్లం గట్టి పాకంలో కలిపి, ట్రేలో తోసి, వేడి మీదే కోసేస్తాను. రెండు పిడికిళ్ళు పప్పులు (పుట్నాలు అంటారే, మాకు అవే పప్పులు), కొబ్బరి ముక్కలు వేస్తే ఇంగా బాగుంటాది. మా అత్తమ్మకి మాత్రం ఇది నచ్చలేదు, "ఉండంటే ఉండాలె, ఇదేం ఇటుక" అనింది, అయినా రెండు ఇటుకలు తినింది.

కుకీ బార్లకి వస్తే, ఇవి అన్నిట్లోకీ తేలిక, ఎందుకంటే బిస్కెట్ పిండిని ఒక్కోటి చుట్టి ఒత్తే పని లేదు, మొత్తం ఒకేసారి డబ్బాలో పరిచి కాల్చి తర్వాత కొయ్యడమే. మా ఇంట్లో ఓవెన్ లేదు. పాత కుక్కర్ అడుగున రెండు పిడికిళ్ళ ఉప్పు, దాని మీద చిన్న స్టాండు, గ్యాస్కెట్టూ విజిలూ తీసేసి మూత పెట్టి పది నిమిషాలు వేడి చేస్తే అదే ఓవెన్. రాగిపిండి 75 గ్రాములు, గోధుమపిండి 75, బెల్లంపొడి 100, కరిగించిన నెయ్యి 90, అర స్పూన్ బేకింగ్ పౌడరు, ఉప్పు చిటికెడు, దంచిన విత్తనాలు ఒక పిడికిలి, రెండు మూడు స్పూన్ల పాలు. ఒక్క రాగితో చేద్దామని చూసినా, విరిగి చేతికి రాలేదు, రాగిలో గ్లూటెన్, అంటే పిండిని పట్టి ఉంచే జిగురు, ఉండదు, గోధుమ సగం ఉంటేనే పట్టుకుంటాది. వేలు లావున పరిచి సిమ్‌లో 30, 35 నిమిషాలు. ఓవెన్ ఉన్నోళ్ళు 180 డిగ్రీల్లో 20, 25 నిమిషాలు. తీసినప్పుడు మెత్తగా ఉంటాది, ఉడకలేదేమో అని మల్లా లోపల పెడతారు చూడండి, నేను పెట్టినాను, అది రాయయ్యింది. చల్లారే కొద్దీ నెయ్యి గడ్డకట్టి, బెల్లం బిగుసుకుని గట్టిపడతాది, వేడిలో అసలు ముట్టుకోవద్దు.

ఇక్కడొక అనంతపురం సమస్య ఉంది. చల్లార్చమని అందరూ రాస్తారు, మే నెలలో మా వంటింట్లో ఏది చల్లారుతాది? బయట 42 డిగ్రీలు, ఇంట్లో 36. నెయ్యి కరిగేదే దాదాపు అక్కడ. రాత్రంతా పెట్టినా కుకీ బార్ హల్వా మాదిరే ఉండింది, ఆఖరికి ఫ్రిజ్‌లో పెట్టి కోసినాను. చాక్లెట్ పూత పూసి ఫోటో తీద్దామని మా చిన్నోడు అడిగితే వాడి ముచ్చట కాదనలేక పూసినాను, బడికి తీసుకుపోతే టిఫిన్ డబ్బా మూతకి చాక్లెట్టు, బార్‌కి ఏమీ లేదు. ఎండాకాలం మాత్రం చిక్కీయే రాజు. మా పొడి గాలికి నెల రోజులైనా కరకరలాడతాది, అదే చిక్కీ నెల్లూరులో మా చెల్లెలికి పంపిస్తే మూడో రోజుకే అతుక్కుంటా ఉందని ఫోన్ చేసింది, బెల్లం గాలిలో తేమని పీల్చుకుంటాది, ఆ ఊరి ఉక్క అట్లాంటిది. మూత గట్టిగా పట్టే డబ్బా ఉండాల్సిందే.

బెల్లం కొనేటప్పుడు తెల్లగా మెరిసేది చూసి మోసపోవద్దు, రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలిపేవాళ్ళుంటారు. ముదురు రంగుది తీసుకోండి.

ఇంతకీ పిల్లోల్లకి చిక్కీ పెట్టొచ్చా అంటే, 2020లో మన రాష్ట్రంలో బడి భోజనం మెనూ మార్చినప్పుడు చిక్కీ కూడా చేర్చినారు, సర్కారు బళ్ళో చదివే మా తోటికోడలు పిల్ల రోజూ దాని కబుర్లే చెప్పేది. పక్కింట్లో ప్రైవేటు బడికి పోయే పిల్లోడి డబ్బాలో 60 రూపాయల బార్. ఇద్దరూ తినేది శెనిక్కాయే, ఇద్దరిదీ తీపే, ఒకళ్ళది మాత్రం స్టయిల్. నేను పెట్టే లెక్క చిన్న ముక్క, అగ్గిపెట్టె సైజు, రోజుకొకటి, తిన్నాక నోరు పుక్కిలించాల. అది ఓట్స్‌దైనా చిక్కీ అయినా ఖర్జూరందైనా అదే లెక్క. నాలుగు ముక్కలు తింటే అన్నం తినరు, ఆ గొడవ నాకు తెలుసు.

వదినకి ఇదంతా ఒకేసారి చెప్పలేదు, చెప్తే వినే మనిషి కాదు. సంక్రాంతికి వచ్చి తిరిగి పోయేటప్పుడు ఓట్స్ బార్లు ఒక డబ్బా ఇచ్చి పంపించినా, బెల్లం అని చెప్పలేదు. మొన్న ఆదివారం పొద్దున్నే వీడియో కాల్ చేసింది, చూస్తే ఫోన్ నీళ్ళ సీసాకి ఆనించి పెట్టి బాణలి ముందు నిలబడుంది, పక్కన గిన్నెలో నీళ్ళు. "పాపా, వేసినా, ఉండ కట్టింది, వంచితే వంగుతా ఉంది, దించేదా?" అంటా ఉంది. ఏది చేస్తున్నావు వదినా, ఓట్స్‌దా చిక్కీనా అని అడిగినా. "చిక్కీనే, మీ అన్న అడిగినాడు" అనింది. అయితే ఇంగా ఉంచు, టక్ మనాల అన్నాను.

ఆమె మల్లా ఒక చుక్క వేసింది. మెత్తగానే ఉంది.